ఏడు రోబోలా, ఏడుగురు రోబోలా?

జపాన్ మాంగా (బొమ్మల కథ) ‘ప్లూటో’ గురించి తెలుగులో చెప్పబోతే మొదటి వాక్యంలోనే ఒక చిక్కు వచ్చి పడుతుంది. కథలో ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన రోబోలు ఉంటాయి. అవి ఏడు అనాలా, వాళ్ళు ఏడుగురు అనాలా? అందులో ఒకటి ముక్కలైంది అని రాయాలా, ఒకరు చనిపోయారు అని రాయాలా? కేసు పట్టుకున్న డిటెక్టివ్ కూడా రోబోయే. మరి అతను వచ్చాడా, అది వచ్చిందా? మన భాషలో సంఖ్య చెప్పినా, క్రియ వాడినా మనిషో కాదో తేల్చి చెప్పాల్సిందే. దాటవేయడానికి వీలుండదు. విచిత్రం ఏమిటంటే, ఎనిమిది సంపుటాల ‘ప్లూటో’ కథంతా తిరిగేది కూడా ఈ ప్రశ్న చుట్టూనే. రోబోని పగలగొడితే అది ఆస్తి నష్టమా, హత్యా?

ఈ కథకు మూలం ఇంకో కథ. ఒసాము తెజుకా ‘టెట్సువాన్ అటామ్’ అనే మాంగాను 1952 నుంచి 1968 దాకా ‘షోనెన్’ అనే పిల్లల పత్రికలో గీశారు. బయటి దేశాల్లో అది ‘ఆస్ట్రో బాయ్’ పేరుతో తెలుసు. డాక్టర్ టెన్మా అనే శాస్త్రవేత్త కొడుకు ప్రమాదంలో చనిపోతాడు. ఆ బాధ తట్టుకోలేక అచ్చం కొడుకులాంటి రోబోని తయారు చేస్తాడు. ఆ రోబో ఎదగదని తెలిశాక సర్కస్‌కు అమ్మేస్తాడు. ప్రొఫెసర్ ఒచనోమిజు అనే పెద్దమనిషి ఆ పిల్లవాణ్ణి చేరదీస్తాడు. పిల్లల కథకు ఇంత దుఃఖాన్ని పునాదిగా వేసిన తెజుకా వైద్యం చదివిన మనిషి. 1928లో పుట్టి 1989లో చనిపోయేవరకు బొమ్మలు గీస్తూనే ఉన్నారు.

అటామ్ కథలన్నిటిలో పాఠకులు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది 1964 జూన్ నుంచి 1965 జనవరి వరకు వచ్చిన భాగం. దాని పేరుకు ‘భూమ్మీద అతి గొప్ప రోబో’ అని అర్థం. దేశం వదిలి రావలసి వచ్చిన ఒక సుల్తాన్ తన పంతం కోసం ప్లూటో అనే భారీ రోబోని చేయిస్తాడు. దాని తల మీద రెండు పెద్ద కొమ్ములు. ప్రపంచంలో పేరున్న ఏడు రోబోలను ఒక్కొక్కటిగా ఓడించి రమ్మని పంపిస్తాడు. స్విట్జర్లాండ్‌లో మోంట్ బ్లాంక్, స్కాట్లాండ్‌లో నార్త్ నెం. 2, టర్కీలో బ్రాండో, జర్మనీలో గెజిష్ట్, గ్రీస్‌లో హెర్క్యులీస్, ఆస్ట్రేలియాలో ఎప్సిలాన్, జపాన్‌లో అటామ్. ప్లూటో బలం పది లక్షల హార్స్‌పవర్, అటామ్ బలం లక్ష. పాఠకుడైన పిల్లవాడి గుండె ఎక్కడ కొట్టుకుంటుందో చెప్పనక్కర్లేదు. అటామ్ బలం పెంచాలా వద్దా అన్నదే పెద్ద టెన్షన్.

ఆ భాగం పత్రికలో వస్తున్న రోజుల్లోనే, 1964 అక్టోబర్‌లో, టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. దేశాల పేర్లతో వీరులు బరిలోకి దిగే కథకు అంతకంటే తగిన సమయం దొరకదు. కానీ తెజుకా ఆ పోటీని గీస్తూనే దాని మీద అనుమానం కూడా పెట్టారు. ప్లూటో చెడ్డవాడు కాదు. చెప్పిన పని చేయడం తప్ప వేరే తెలియనివాడు. అటామ్ చెల్లెలు ఊరన్‌ని కలిశాక, అటామ్‌ను దగ్గరగా చూశాక అతనిలో ఏదో కదులుతుంది. గెలవడం దేనికి అన్న ప్రశ్న ఆ పిల్లల కథలోనే ఉంది. ఉందిగానీ, గొంతు పెంచకుండా ఉంది. పేజీల్లో ఎక్కువ చోటు మాత్రం పోరాటాలదే.

ఆ కథను చిన్నప్పుడు చదివి మరిచిపోలేకపోయిన పిల్లల్లో 1960లో పుట్టిన నవోకి ఉరసావా ఒకరు. పెద్దయ్యాక ఆయన ‘మాన్‌స్టర్’, ‘20త్ సెంచురీ బాయ్స్’ లాంటి సుదీర్ఘమైన సస్పెన్స్ మాంగాలతో పేరు తెచ్చుకున్నారు. ఇక్కడ ఒక తేదీ కలిసి వచ్చింది. తెజుకా కథ ప్రకారం అటామ్ పుట్టింది 2003 ఏప్రిల్ 7న. 1950లలో ఊహించిన ఆ భవిష్యత్తు తేదీ నిజంగా వచ్చేసరికి జపాన్‌లో పెద్ద సందడి జరిగింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ‘బిగ్ కామిక్ ఒరిజినల్’ పత్రికలో ఆయన గీసిన ‘ప్లూటో’ మొదలై 2009 ఏప్రిల్ దాకా నడిచింది. కథనంలో తకాషి నాగసాకి తోడున్నారు. తెజుకా కొడుకు, సినీ దర్శకుడు మకోతో తెజ్కా పర్యవేక్షించారు. మొత్తం 65 అధ్యాయాలు.

ఈ తరహా పని ఒప్పుకోవడం వారసులకు తేలిక కాదు. మకోతో మొదట వెనకాడారు. ఒప్పుకున్నాక ఆయన కోరింది ఒక్కటే: తెజుకా బొమ్మల్ని అనుకరించవద్దు, ఉరసావా తన చేతిరాతతోనే గీయాలి. వినడానికి ఇది స్వేచ్ఛ ఇచ్చినట్టు ఉంటుంది. నిజానికి మహా బరువు. గుండ్రటి కళ్ళు, రెండు కోణాల జుట్టు ఉన్న అటామ్‌ను జపాన్‌లో గుర్తుపట్టని వాళ్ళుండరు. ఆ ఆకారాన్ని వదిలేసి అటామ్‌ను నమ్మించాలి. నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునే దారి మూసుకుపోయింది. పైగా ‘బిగ్ కామిక్ ఒరిజినల్’ పెద్దవాళ్ళు చదివే పత్రిక. అంటే పిల్లలప్పుడు తెజుకాను చదివి, ఇప్పుడు ఉద్యోగాలూ పిల్లలూ ఉన్న పాఠకులు. వాళ్ళకు పాత కథను పాత రుచితో వడ్డిస్తే సరిపోదు.

ఉరసావా చేసిన అసలు మార్పు బొమ్మల్లో కంటే ముందు ప్రశ్నలో ఉంది. పాత కథ ‘ఎవరు గెలుస్తారు’ అని అడిగింది. కొత్త కథ ‘ఎవరు చంపారు’ అని అడుగుతుంది. చూడటానికి చిన్న మార్పే. కానీ పోటీ కథలో ఓడినవాడు పక్కకు జరుగుతాడు, కథ ముందుకు పోతుంది. హత్య కథలో చనిపోయినవాడే మధ్యలోకి వస్తాడు. అతను ఎవరు, ఎలా బతికాడు, ఎవరికి ఏమవుతాడు, చివరి రోజు ఎవరితో మాట్లాడాడు అన్నవన్నీ తెలుసుకోకుండా కేసు కదలదు. తెజుకా దగ్గర కొద్ది పేజీల్లో కూలిపోయిన రోబోలకు ఉరసావా దగ్గర జీవితాలు వచ్చింది ఇందుకే. డిటెక్టివ్ కథ అనే చట్రమే వాళ్ళను ‘ఏడు’ నుంచి ‘ఏడుగురు’ చేసింది.

కథ స్విట్జర్లాండ్ అడవిలో మంటలతో మొదలవుతుంది. మోంట్ బ్లాంక్ ముక్కలై పడి ఉంటాడు. అతను కొండల్లో గైడ్‌గా ఉన్నవాడు, అక్కడి జనానికి ప్రాణం. ఆ దేశం సొంత మనిషి పోయినట్టు ఏడుస్తుంది. ఇంకోపక్క జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో బెర్నార్డ్ లాంకె అనే మనిషి హత్యకు గురవుతాడు. రోబో హక్కుల చట్టాల కోసం పనిచేసినవాడు. ఈ రెండు చావులకూ సంబంధం లేనట్టే కనిపిస్తుంది, ఒక్క విషయం తప్ప. రెండు చోట్లా తల దగ్గర కొమ్ముల్లా రెండు వస్తువులు నిలబెట్టి ఉంటాయి.

లాంకె హత్య జరిగిన చోట మనిషి వచ్చిన ఆనవాలు లేదు. అక్కడి కదలికలు మనిషికి సాధ్యమైన వేగంలో లేవు. మరి రోబో చేసిందా అంటే, ఈ లోకంలో రోబో మనిషిని చంపజాలదు, చట్టం అలా రాసి ఉంది, మెదడు అలా తయారైంది. మనిషి చేయలేదు, రోబో చేయలేదు. తలుపులన్నీ లోపల గడియ వేసి ఉన్న గదిలో శవం దొరికే పాత డిటెక్టివ్ కథల చిక్కుముడి ఇదే. ఉరసావా ఆ గది గోడల్ని ఇటుకలతో కాకుండా చట్టంతో కట్టారు.

రోబోని, హత్యని కలపడం కొత్త కాదు. రోబో మనిషికి హాని చేయకూడదనే మూడు సూత్రాలను ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక కథలో పెట్టారు. 1954లో వచ్చిన తన నవలలో మనిషి డిటెక్టివ్‌కు రోబోని జోడీగా ఇచ్చారు. అక్కడ పాఠకుడి ప్రాణం మనిషి వైపు ఉంటుంది, రోబో తోడు. ‘ప్లూటో’లో ఆ అమరిక తలకిందులైంది. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్‌లో డిటెక్టివ్ అయిన గెజిష్ట్ తానే రోబో. హంతకుడి జాబితాలో అతని పేరూ ఉంది. అంటే కేసు ఛేదించాల్సినవాడే రాబోయే బాధితుడు. పాత కథలో గెజిష్ట్ ఒక చిన్న పాత్ర. కాసేపు కనిపించి పోయేవాడు. తెలుగులో ఆడవాళ్ళు పాడుకునే పాటల్లో రామాయణాన్ని ఊర్మిళ నిద్ర వైపు నుంచి చెప్పినట్టు, ఉరసావా అందరూ ఎరిగిన కథను అంచున నిలబడ్డవాడి వైపు నుంచి ఎత్తుకున్నారు. అలా ఎత్తుకున్నప్పుడు కథలో సంఘటనలు మారకపోయినా బరువు మారుతుంది.

గెజిష్ట్ అంటే జర్మన్‌లో ముఖం అని అర్థం. ఆ పేరు తెజుకా పెట్టిందే. ఉరసావా దాన్ని మొత్తం పుస్తకానికి తాళంచెవిలా వాడుకున్నారు. గెజిష్ట్ ముఖం మామూలు నడివయసు యూరప్ మనిషి ముఖం. కాస్త అలసట, కాస్త మర్యాద. భార్య హెలెనా కూడా రోబోయే. ఇద్దరూ సెలవుకు ఎక్కడికైనా వెళ్దామని మాట్లాడుకుంటారు. అతనికి పీడకలలు వస్తుంటాయి. రోబోకి కల రావడమేమిటన్న ప్రశ్నను కథ మొదట్లో వదిలేసి, చాలా దూరం వెళ్ళాక మళ్ళీ పట్టుకుంటుంది.

ముఖాల గురించి చెప్పుకుంటే మొదటి అధ్యాయంలోని ఒక చిన్న ఘట్టం దగ్గర ఆగాలి. రాబీ అనే గస్తీ రోబో డ్యూటీలో నాశనమవుతుంది. కబురు చెప్పడానికి గెజిష్ట్ అతని ఇంటికి వెళ్తాడు. అక్కడ భార్య ఉంది. ఆమె పాత మోడల్ పనిమనిషి రోబో. ముఖం లోహంతో చేసింది, కళ్ళ స్థానంలో రెండు గుండ్రటి దీపాల్లాంటివి. ఆ ముఖం మీద ఏ భావమూ పలకదు, పలికే ఏర్పాటే లేదు. గెజిష్ట్ విషయం చెప్తాడు. తర్వాతి బొమ్మలో అదే ముఖం. ఆ తర్వాతి బొమ్మలోనూ అదే ముఖం. ఒక్క గీత కూడా మారలేదు. కానీ చదివేవాళ్ళకు ఆ ముఖంలో ఏడుపు కనిపిస్తుంది. భర్త జ్ఞాపకాలున్న చిప్ గురించి మాట వచ్చేసరికి ఆ మారని ముఖాన్ని చూడటమే కష్టమవుతుంది.

ఇది సినిమా ఎడిటింగ్‌లో తెలిసిన కిటుకే. ఒకే ముఖం పక్కన ఏది పెడితే ఆ భావం ముఖంలో కనిపిస్తుంది. కానీ ఇక్కడ అది కిటుకుగా మిగల్లేదు. రోబోకి బాధ ఉందా లేదా అని కథ వాదించలేదు. పాఠకుడి చేత ఆ బాధను చూపించి, చూసింది నువ్వే కదా అని ఊరుకుంది. ఆ తర్వాత ఈ పుస్తకంలో ఎవరైనా రోబోకి మనసు లేదంటే పాఠకుడు ఒప్పుకోలేడు. ఎనిమిది సంపుటాల వాదన మొదటి అధ్యాయంలోనే, ఒక పనిమనిషి ముఖంతో గెలిచేసింది.

ఇంతకంటే గొప్ప భాగం నార్త్ నెం. 2 కథ. బహుశా మొత్తం ‘ప్లూటో’లో అన్నిటికంటే గొప్పది. స్కాట్లాండ్‌లో ఒక పాత కోట. అందులో పాల్ డంకన్ అనే గుడ్డి సంగీతకారుడు ఒంటరిగా ఉంటాడు. ముసలితనం, చిరాకు, కొత్త రాగం కుదరడం లేదన్న కోపం. అతని దగ్గరకు పనివాడిగా నార్త్ నెం. 2 వస్తాడు. మనిషి ముఖం, మెడ కింద నుంచి పొడుగాటి అంగీ. ఆ అంగీ కింద ఆయుధాలు బిగించిన యుద్ధ శరీరం ఉంది. మధ్య ఆసియా యుద్ధంలో తనలాంటి రోబోలను లెక్కలేనన్ని కూల్చి వచ్చినవాడు. ఇప్పుడు అతని కోరిక పియానో నేర్చుకోవడం. డంకన్ మండిపడతాడు. యంత్రానికి సంగీతమేమిటి, నీది వట్టి అనుకరణ అంటాడు. ఎందుకు నేర్చుకోవాలని ఉంది అని గట్టిగా అడిగితే, మళ్ళీ యుద్ధానికి వెళ్ళడం ఇష్టం లేదు అన్న అర్థంలో జవాబు వస్తుంది.

డంకన్ నిద్రలో ఒక రాగం కూనిరాగం తీస్తుంటాడు. చిన్నప్పుడు తల్లి తనను వదిలేసిందన్న పగ అతనిలో గడ్డకట్టి ఉంది. నార్త్ నెం. 2 ఆ రాగం జాడ వెతుక్కుంటూ బొహీమియా దాకా వెళ్ళి, అసలు జరిగింది వేరని తెలుసుకుని వస్తాడు. ముసలాయన మెత్తబడతాడు. ఇద్దరూ కలిసి పియానో దగ్గర కూర్చునే రోజు వచ్చింది అనుకునేలోపు ఆకాశంలో ఏదో వస్తున్న చప్పుడు. నార్త్ నెం. 2 అంగీ విప్పి పైకి ఎగురుతాడు.

ఆ పోరాటాన్ని ఉరసావా చూపించరు. మబ్బుల వెనక వెలుగు, దూరంగా పేలుడు, కింద కోట ముందు చెవులు రిక్కించి నిలబడిన గుడ్డి ముసలాయన. ఆయనకు కనిపించదు కాబట్టి మనకూ కనిపించదు. ఆయనకు ఆకాశం నుంచి పాట వినిపిస్తుంది. తెజుకా కథకు ప్రాణమైన పోరాటాన్ని తీసేసి, ఆ ఖాళీలో ఒక శ్రోతను నిలబెట్టడం అన్నది మామూలు ధైర్యం కాదు. పోరాటం చూపిస్తే పాఠకుడు ఎవరి దెబ్బ గట్టిదో చూస్తాడు. చూపించకపోతే ఎవరు తిరిగి రాలేదో చూస్తాడు. ఇస్తాంబుల్‌లో భార్య, ఐదుగురు పిల్లలతో కుస్తీ వీరుడిగా బతికే బ్రాండో కథలోనూ ఇదే పద్ధతి. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళ వైపు నుంచి చావు వస్తుంది.

ఉరసావాకు ఇంకో అలవాటు ఉంది. పాత్ర దేన్నో చూసి కళ్ళు పెద్దవి చేస్తుంది. ఆ కళ్ళు చూపిస్తారు, చూసిన వస్తువు చూపించరు. పేజీ తిప్పాలి. ఒక్కోసారి వచ్చే సంచిక దాకా ఆగాలి. అటామ్ రాకను ఆయన ఇలాగే దాచారు. మొదటి సంపుటం చివర్లో గెజిష్ట్ జపాన్ వచ్చి అటామ్‌ను కలుస్తాడు. ఆ ఎదురుపడేది ఒక మామూలు బడిపిల్లవాడు. గుండ్రటి కళ్ళు లేవు, జుట్టు కోణాలు లేవు. నత్తను చూసి ఆగిపోయే పిల్లాడు, ఐస్‌క్రీమ్ ఇష్టంగా తినే పిల్లాడు. గెజిష్ట్ లోపలి యంత్రం ఎదుటివాడు మనిషో రోబోనో ఇట్టే చెప్పేయగలదు. ఈ పిల్లవాడి దగ్గర మాత్రం అది తడబడుతుంది. మకోతో పెట్టిన షరతుకు ఇంతకంటే మంచి జవాబు ఉండదు. పోలికలు వదిలేశారు, ఆ పాత్ర ఆత్మను పట్టుకున్నారు.

మొదటి సంపుటం ప్రత్యేక ప్రతిలో తెజుకా మూల కథను కూడా జతచేసి ఇచ్చారు. పక్కపక్కన పెట్టి చదివి చూసుకోండి అన్నట్టు. తిరగరాసినవాడికి తన పని మీదా, గురువు పని మీదా ఉన్న నమ్మకం అందులో తెలుస్తుంది.

ఇక యుద్ధం సంగతి. ‘ప్లూటో’ మొదలవడానికి ఆరు నెలల ముందు, 2003 మార్చిలో, అమెరికా ఇరాక్ మీద దాడి చేసింది. సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయన్నది కారణంగా చెప్పారు. ఆ ఆయుధాలు దొరకలేదు. ఉరసావా కథలో థ్రేసియా సంయుక్త రాష్ట్రం అనే అగ్రరాజ్యం ఉంటుంది. పర్షియా రాజ్యం సామూహిక విధ్వంసక రోబోలను తయారుచేస్తోందని ఆరోపిస్తుంది. ‘బోరా’ పేరుతో ఒక పరిశీలన బృందం పర్షియా వెళ్తుంది. అక్కడ వాళ్ళకు కనిపించేది వేల రోబోల శిథిలాల గుట్ట. ఆయుధం కనిపించదు. యుద్ధం మాత్రం ఆగదు. మోంట్ బ్లాంక్, నార్త్ నెం. 2, బ్రాండో, హెర్క్యులీస్ ఆ యుద్ధానికి వెళ్ళినవాళ్ళు. వెళ్ళనని చెప్పి పిరికివాడని అనిపించుకున్నవాడు ఎప్సిలాన్. అతను ఆ యుద్ధంలో అనాథలైన పిల్లల్ని పెంచుతుంటాడు.

సుల్తాన్ పంతం అనే పాత కారణం స్థానంలో ఓడిపోయిన దేశం పగ వచ్చింది. హత్యల వరుసలో ఒకవైపు ఆ యుద్ధంలో పేరు పొందిన రోబోలు, ఇంకోవైపు బోరా బృందంలోని మనుషులు. లాంకె ఆ బృందంలో ఒకడు. ప్రొఫెసర్ ఒచనోమిజు కూడా. పాత కథలో ఏడు దేశాలు ఒలింపిక్స్ జెండాల్లా కనిపించాయి. కొత్త కథలో అవే దేశాలు సైన్యం పంపిన కూటమి అయ్యాయి. నడుస్తున్న యుద్ధం గురించి, అదీ తమ దేశం మద్దతిచ్చిన యుద్ధం గురించి, జనాదరణ ఉన్న పత్రికలో ఇంత సూటిగా గీయడం చిన్న విషయం కాదు. ఇది పాత కథ మీద అతికించిన రాజకీయం కాదు. తెజుకా పాత్రల పేర్లలోనే అణుయుగం ఉంది: అటామ్, యురేనియంను గుర్తుచేసే ఊరన్, ప్లుటోనియంను గుర్తుచేసే ప్లూటో. ఆయుధంగా పుట్టినవాడు పిల్లవాడిగా బతకగలడా అన్నది మొదటినుంచీ అక్కడున్న ప్రశ్న.

ఇక్కడి నుంచి కథలోని రహస్యాలు బయటపడతాయి. చదవాలనుకునేవాళ్ళు ముందు పుస్తకం చదివి రావడం మంచిది.

రోబో మనిషిని చంపిన సందర్భం ఈ లోకంలో ఒక్కటే ఉందని మొదట చెప్తారు. బ్రౌ 1589 అనే రోబో. బ్రస్సెల్స్‌లో చీకటి గదిలో, ఒంట్లో ఈటె దిగబడి, గోడకు ఆనుకుని పడి ఉంటుంది. పూర్తిగా చంపేయడానికి మనుషులకు భయం, ఎందుకంటే దాని మెదడులో ఏ లోపం ఉందో వెతికితే లోపమేమీ దొరకలేదు. లోపం దొరికి ఉంటే అందరూ నిశ్చింతగా నిద్రపోయేవారు. దొరకకపోవడమే అసలు భయం. గెజిష్ట్ సలహా కోసం ఆ గదికి వెళ్తాడు. ఆ సంభాషణల్లో బ్రౌ మాటలు మెల్లగా కేసు వైపు నుంచి గెజిష్ట్ వైపు తిరుగుతాయి.

ఎందుకంటే ఒక్కటే కాదు, ఇంకోటి ఉంది. గెజిష్ట్ ఒక మనిషిని చంపాడు. అతనికీ హెలెనాకూ ఒక చిన్న రోబో పిల్లవాడు ఉండేవాడు. ఆ పిల్లవాణ్ణి ఒకడు ఎత్తుకెళ్ళి ముక్కలు చేశాడు. గెజిష్ట్ వాణ్ణి చంపాడు. పైవాళ్ళు ఆ జ్ఞాపకాన్ని అతని మెదడులోంచి తుడిచేశారు. అతని పీడకలలు ఆ తుడిచేసిన చోటు నుంచే వస్తున్నాయి. చనిపోయినవాడి సోదరుడు అడాల్ఫ్ హాస్, రోబోలంటే పడని ముఠా మనిషి, అతన్ని చంపిందెవరో వెతుకుతుంటాడు. గెజిష్ట్‌కు అతన్నే కాపాడే డ్యూటీ పడుతుంది.

డిటెక్టివే దోషి అని తేలడం ఈ తరహా కథల్లో చాలా పాత మలుపు. గ్రీకుల ఈడిపస్ నాటి నుంచి ఉంది. ఉరసావా దాన్ని రోబోకి పెట్టడంలో కొత్తదనం ఉంది. మనిషి మరిచిపోతాడు, తనకు తాను అబద్ధం చెప్పుకుంటాడు. రోబో మరవడు. కాబట్టి అతనితో మరిపించాలంటే వేరేవాళ్ళు చేయి పెట్టి తీసేయాలి. అలా తీసేసినా పోనిది ఒకటి మిగిలింది. ద్వేషం. జ్ఞాపకం పోయినా ద్వేషం మిగలడం, ఆ ద్వేషమే అతను మనసున్నవాడు అనడానికి రుజువు కావడం ఈ పుస్తకంలోని చేదు నిజం. డాక్టర్ టెన్మా చేసిన మహా రోబో కూడా నిద్ర లేవకుండా పడి ఉంటుంది. అన్ని భావాలూ సమానంగా ఉన్న మెదడు ఎటూ కదలలేదు. దాన్ని లేపాలంటే ఏదో ఒక భావాన్ని ఎక్కువగా పోయాలి. వాళ్ళు పోసింది ద్వేషం.

హంతకుడు ప్లూటో కూడా ఇలాంటివాడే. అతని అసలు పేరు సహద్. పర్షియా శాస్త్రవేత్త అబుల్లా అతన్ని కొడుకులా చేశాడు. సహద్ నెదర్లాండ్స్‌లో పూల గురించి చదువుకున్నాడు. ఎడారి దేశాన్ని పూలతో నింపాలని అతని ఆశ. పూలతోటల బొమ్మలు వేసేవాడు. యుద్ధం తర్వాత తండ్రి దుఃఖం అతన్ని ఆ భారీ శరీరంలోకి తోసింది. తెజుకా ప్లూటోకి యజమాని ఆజ్ఞ బరువు. ఉరసావా ప్లూటోకి తండ్రి పగ బరువు. రెండోది వదిలించుకోవడం చాలా కష్టం.

ఈ పుస్తకానికి లోపాలు లేవని కాదు. చివరి రెండు సంపుటాల్లో పట్టు సడలుతుంది. అన్నిటి వెనకా ఉన్న శక్తిగా ఒక టెడ్డీబేర్ బొమ్మలో దాక్కున్న యంత్రపు మెదడును చూపించడం, భూమినే పేల్చగల ప్రమాదాన్ని తేవడం మొదటి సంపుటాల నిశ్శబ్దానికి సరిపడవు. ఒక గస్తీ రోబో భార్య ముఖం చూపించి ఇంత సాధించిన కథకు ప్రపంచ వినాశనం అవసరం లేదు. అబుల్లా ఎవరన్న చిక్కుముడి కూడా అవసరానికి మించి మెలికలు తిరిగింది, ఒకసారి చదివితే తేలిగ్గా అర్థం కాదు. హత్య కథగా మొదలైనది మధ్యలో గెజిష్ట్ పోవడంతో ఆ రూపాన్ని వదిలేస్తుంది. మిగిలిన దారి అటామ్ నడవాలి. అతని మెదడులో గెజిష్ట్ చివరి జ్ఞాపకం ఉంది కాబట్టి దారం తెగలేదు, కానీ సన్నబడింది.

‘ప్లూటో’కు 2005లో తెజుకా పేరు మీద ఇచ్చే సాంస్కృతిక బహుమతి వచ్చింది. ఉరసావాకు 1999లో ‘మాన్‌స్టర్’కు కూడా అదే వచ్చింది. 2023 అక్టోబర్ 26న నెట్‌ఫ్లిక్స్‌లో ఎనిమిది భాగాల యానిమే (జపాన్ యానిమేషన్) విడుదలైంది. ఒక్కో భాగం దాదాపు గంట. నిర్మాత మసావో మరుయామా యువకుడిగా తెజుకా స్టూడియోలోనే పని మొదలుపెట్టిన మనిషి. మాంగాకు దగ్గరగా ఉన్న మంచి ప్రయత్నమే అది. అయితే నార్త్ నెం. 2 పియానో అక్కడ నిజంగా వినిపిస్తుంది. పుస్తకంలో ఆ రాగాన్ని పాఠకుడే లోపల కట్టుకోవాలి. ఆ లోపలి రాగానికి ఏ వాద్యమూ సాటి రాదు.

గెజిష్ట్ పోయాక హెలెనా దగ్గరకు డాక్టర్ టెన్మా వస్తాడు. కొడుకును పోగొట్టుకున్నవాడు, కొడుకులాంటివాణ్ణి అమ్మేసినవాడు. ఆమె మర్యాదగా, నిబ్బరంగా మాట్లాడుతుంది. ఇలాంటప్పుడు మనుషులైతే ఏడుస్తారని, అనుకరణగానైనా ఏడ్చి చూడమని టెన్మా అంటాడు. ఆమె ఏడుస్తున్నట్టు చేయబోతుంది. చేస్తూ చేస్తూ నిజంగానే ఏడుస్తుంది. అది ఏ క్షణంలో మారిందో ఆ బొమ్మల్లో ఎక్కడా గీత గీసి చూపించలేం.

గెజిష్ట్ కలల్లో ఒక వాక్యం పదేపదే వినిపిస్తుంటుంది: ఒక్కోటి 500 జీయస్‌లు. జీయస్ అంటే ఆ లోకంలో డబ్బు. విరిగిపోయిన రోబోలను తుక్కుగా అమ్మేవాడు చెప్పిన ధర అది. ఆ తుక్కు గుట్టలోనే గెజిష్ట్‌కు ఇంకా కదులుతున్న ఒక పిల్లవాడు దొరికాడు. జపనీస్‌లోనూ మనుషుల్ని లెక్కపెట్టే మాట వేరు. తుక్కు వ్యాపారి నోట వచ్చింది బొమ్మల్నీ విగ్రహాల్నీ శవాల్నీ లెక్కపెట్టే ‘తై’ అనే మాట. గెజిష్ట్ ఆ పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ముగ్గురు.